పూరీ చెయ్యి పక్కన పెట్టండి: ఇంట్లో మెత్తటి, పలచటి పుల్కాలు చేయడం ఎలా

మా నాన్నకి షుగరు అని తేలిన రోజు, గుంటూరు కొత్తపేటలో డాక్టరు గారు మందులన్నీ రాసి, చీటీ చేతికిస్తూ "రాత్రిపూట అన్నం మానేసి రెండు పుల్కాలు తినండి" అన్నారు. ఊహ తెలిసినప్పటి నుంచీ రెండు పూటలా అన్నమే తిన్న మనిషి. ఆ రాత్రి నేను చేసిపెట్టిన పుల్కాని ఆయన రెండు చేతులతో పట్టుకుని విరిచారు. తుంచడం కాదు, విరవడమే. చప్పుడు కూడా వచ్చింది. "ఒరేయ్, అప్పడం తరవాత నంజుకుంటాను గానీ, ముందు పుల్కా పెట్టరా" అన్నారు.

వారం రోజులు ఇదే తంతు. ఎవరేం చెబితే అది చేశాను. పాలు పోసి కలిపాను, పెరుగు వేశాను, ఒకరోజు అరటిపండు మెదిపి కూడా కలిపాను. పెనం మీద నుంచి తీసినప్పుడు పరవాలేదనిపించేవి, పళ్ళెంలోకి వచ్చేసరికి అట్టముక్కలు. చివరికి పై వాటాలో ఉండే ఆంటీ ఏదో గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, గట్టు మీదున్న నా పిండిముద్దని వేలితో ఒక్క నొక్కు నొక్కి నవ్వారు. వాళ్ళ పెద్దలు ఎప్పుడో రాజస్థాన్ నుంచి వచ్చి పట్నంబజారులో బట్టల కొట్టు పెట్టుకున్నారు. ఆవిడ పుట్టి పెరిగింది గుంటూర్లోనే, మనకంటే కారం ఒక ముద్ద ఎక్కువే తింటారు. "ఇది పూరీ పిండి కదా బాబూ, దీంతో పుల్కా ఎట్టా వస్తుంది?" అన్నారు.

తేడా అంతా అక్కడే ఉంది. గోధుమపిండి డబ్బా మూత తీయగానే మన చేతికి గుర్తొచ్చేది పూరీ. పూరీ పిండి గట్టిగా కలపాలి, ఎక్కువసేపు నాననివ్వకూడదు, లేకపోతే నూనె తాగేస్తుంది. ఇది మనకి చిన్నప్పటి నుంచీ ఒంటబట్టిన పాఠం. పుల్కాకి ఈ పాఠం మొత్తం తలకిందులు. పుల్కాకి దగ్గరి చుట్టం పూరీ కాదు, బొబ్బట్టు. బొబ్బట్ల మీద తోపు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. వేలికి చుట్టుకుంటూ సాగుతుంది, గంటల తరబడి నూనెలో నానుతుంది. పుల్కాకి అంత జారుగా అక్కర్లేదు, నూనె అసలే అక్కర్లేదు. కానీ చెయ్యి మాత్రం ఆ వైపు వెళ్ళాలి.

పిండి సంగతి

గోధుమ మన డెల్టా పంట కాదు. మనకి వచ్చేదంతా మధ్యప్రదేశ్, రాజస్థాన్, పంజాబ్ వైపు సరుకే. కొట్లో షర్బతీ అని అడిగితే ఇచ్చేది మధ్యప్రదేశ్ రకం. గింజ బంగారు రంగులో నిగనిగలాడుతుంది, పిండి నీళ్ళు బాగా పీల్చుకుంటుంది. ప్యాకెట్ పిండితో కూడా మంచి పుల్కాలు వస్తాయి, ప్యాకెట్ మీద చక్కీ ఆటా అని ఉంటే చాలు. తిరగలి రాళ్ళ మధ్య నలిగిన పిండి కాబట్టి నీళ్ళు ఎక్కువ తాగుతుంది, అదే మనకి కావలసింది.

గోధుమలు కొనుక్కుని మరలో పట్టించుకునే అలవాటు ఉంటే రెండు జాగ్రత్తలు. ఒకటి, మర నుంచి వచ్చిన పిండి వేడిగా ఉంటుంది. దాన్ని అలాగే డబ్బాలో పోసి మూత పెడితే లోపల చెమ్మ పట్టి, నెల తిరక్కుండా పురుగు పడుతుంది. పేపరు మీద పరిచి బాగా ఆరనివ్వండి. రెండోది మన గుంటూరు వాళ్ళకి మరీ ముఖ్యం. ఏడాదికి సరిపడా కారం కొట్టించుకునే మార్చి, ఏప్రిల్ నెలల్లో గోధుమలు తీసుకుని మరకి వెళ్ళేముందు, కారానికి వేరే మర ఉందో లేదో అడగండి. నేను అడగలేదు. ఇంటికొచ్చి పిండి జల్లిస్తుంటే తుమ్ములు మొదలయ్యాయి. కలిపాక చేతులు మండాయి. ఆ ఐదు కేజీలూ పారబోయడం ఇష్టంలేక, వామూ ఉప్పూ వేసి నెలంతా కారం చపాతీలుగా లాగించాం. రుచిగానే ఉన్నాయనుకోండి, కానీ రోజూ తినేవి కావు.

మర పిండిని సన్న జల్లెడ పట్టండి. పొట్టులో బలం ఉంటుంది, పారేయకూడదు అనే మాట నిజమే. కానీ మనం వత్తబోయేది మిల్లీమీటరు పైచిలుకు మందం ఉండే పుల్కా. ముతక పొట్టు ముక్క ఒక్కటి అడ్డం పడినా అక్కడ సన్నటి చిల్లు పడుతుంది, ఆవిరి అందులోంచి పోతుంది, పుల్కా పొంగదు. ఆ పొట్టుని మరుసటి రోజు దోసెల పిండిలో కలిపేయండి.

కలపడం

ఇద్దరు ముగ్గురికి సరిపడా, అంటే పన్నెండు పుల్కాలకి, 250 గ్రాముల పిండి తీసుకోండి. నీళ్ళు 165 నుంచి 180 మిల్లీలీటర్ల దాకా పడతాయి. కొలత ఒక అంకె కాకుండా ఇలా ఎందుకు చెబుతున్నానంటే, ఒక్కో పిండి ఒక్కోలా తాగుతుంది. పైగా ముసురు పట్టిన రోజుల్లో పిండి ముందే కాస్త చెమ్మగా ఉంటుంది. ఉప్పు మీ ఇష్టం, మా ఇంట్లో చిటికెడు వేస్తాం. నూనె వేడివేడిగా తినేవాటికి అవసరం లేదు. పొద్దున చేసి మధ్యాహ్నం బాక్సులోకి పెట్టేవాటికైతే ఒక చెంచా వేసుకోవచ్చు.

నీళ్ళు గోరువెచ్చగా ఉంటే పిండి త్వరగా పీల్చుకుంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో కాస్త వేడి చేసుకోండి. రోహిణి కార్తెలో మాత్రం ఆ పని చేయకండి. మధ్యాహ్నం ట్యాంకు నీళ్ళు పడితే చెయ్యి కాలుతుంది మనకి. ఆ రోజుల్లో కుండ నీళ్ళు పోసి కలపడమే మేలు, లేకపోతే పిండి త్వరగా నీరసపడి జారుగా అయిపోతుంది.

వెడల్పాటి పళ్ళెంలో పిండి పోసి, నీళ్ళలో మూడొంతులు ముందే పోసేయండి. పూరీకి పోసినట్టు చుక్క చుక్క పోస్తే పిండి గట్టిపడుతుంది, తరవాత ఎన్ని నీళ్ళు చల్లినా పైన జిగురుగా, లోపల గట్టిగా ఉండిపోతుంది. ముందు వేళ్ళతోనే కలపండి, పొడి ఎక్కడా కనపడకుండా ఉంటే చాలు. ముద్ద గరుకుగా, ముక్కలు ముక్కలుగా, చేతికి అంటుకుంటూ చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. ఇక్కడే అందరం పొడిపిండి వేసేస్తాం. వేయకండి. పది నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేసి కూర తరుక్కోండి.

తిరిగి వచ్చాక చూడండి, ముద్ద తనంతట తానే సర్దుకుని ఉంటుంది. ఇప్పుడు చెయ్యి కాస్త తడిచేసుకుని, అరచేతి మడమతో ముందుకి తోయండి, వేళ్ళతో వెనక్కి మడవండి, పావువంతు తిప్పండి. మళ్ళీ తోయండి. ఐదారు నిమిషాలు ఇలా పిసికితే గరుకు పోయి నున్నగా అవుతుంది. మిగిలిన నీళ్ళు ఈ మధ్యలో వేళ్ళు ముంచుకుంటూ చేర్చండి. ఎంత మెత్తగా ఉండాలి అంటే, ఆంటీ చెప్పిన కొలత ఇదీ: ఒక చేత్తో చెవి తమ్మెని, ఇంకో చేత్తో పిండిని నొక్కి చూసుకోండి. రెండూ ఒకేలా ఉండాలి. వేలు గుచ్చితే గుంట పడి, నెమ్మదిగా కాస్త పైకి రావాలి. గుంట గభాల్న పూడిపోతే పిండి గట్టిగా ఉన్నట్టు. వేలికి పిండి తెగి అంటుకుని వస్తే నీళ్ళు ఎక్కువైనట్టు.

తరవాత తడిబట్టని నీళ్ళు కారకుండా గట్టిగా పిండేసి, ముద్ద మీద కప్పి అరగంట వదిలేయండి. ఈ అరగంట మాత్రం తగ్గించకండి. పిండిలోని మాంసకృత్తులు నీళ్ళతో కలిసి గ్లూటెన్ అనే సాగే వలలా అల్లుకుంటాయి. పిసికిన వెంటనే ఆ వల బిగుసుకుని ఉంటుంది. అప్పుడు వత్తితే కర్ర కింద పుల్కా పెద్దదవుతుంది, కర్ర తీయగానే మళ్ళీ చిన్నదవుతుంది. నానిన తరవాత ఆ పంతం పోతుంది. పాలు, పెరుగు, అరటిపండు వేసి నేను వారం రోజులు వెతికిన మెత్తదనం ఈ నీళ్ళలో, ఈ అరగంటలో ఉంది.

వత్తడం

నానిన ముద్దని ఒక నిమిషం మళ్ళీ పిసికి పన్నెండు ఉండలు చేయండి. ఒక్కోటి 35 గ్రాములు, అంటే పెద్ద నిమ్మకాయంత. ఉండని రెండు అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పి, పగుళ్ళు లేకుండా చూసుకోండి. ఉండలో పగులు ఉంటే పుల్కా అంచులోనూ ఉంటుంది. మిగతా ఉండల మీద బట్ట కప్పే ఉంచండి. ఫ్యాన్ కింద కూర్చుని వత్తేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, రెండు నిమిషాల్లో పైన తొక్క కడుతుంది.

ఉండని అరచేత్తో అదిమి బిళ్ళ చేసి, రెండు వైపులా పొడిపిండిలో ఒక్కసారి అద్దండి. మెత్తటి పిండి కాబట్టి మొదట్లో పీటకి అంటుకుంటుంది. భయపడి పిండి గుమ్మరిస్తాం. ఆ పొడిపిండి అంతా పుల్కాలోని తడిని లాగేస్తుంది, పెనం మీద మాడి చేదెక్కుతుంది. ఒకసారి మొదట్లో, అవసరమైతే మధ్యలో ఇంకోసారి, అంతే.

కర్ర మీద బరువు వేయకండి. అప్పడాల పిండిని అదిమినట్టు అదిమితే ఒకచోట పలచన, ఇంకోచోట మందం అవుతుంది. కర్ర మధ్యలో కాకుండా అంచుల వైపు నడవాలి. మధ్యభాగం దానంతటదే పలచబడుతుంది, అంచే మందంగా మిగిలిపోతుంది. చెయ్యి అలవాటైతే కర్ర కదులుతుంటే పుల్కా తనే పీట మీద గుండ్రంగా తిరుగుతుంది. అలవాటు అయ్యేదాకా రెండు మూడు తోపులకి ఒకసారి మీరే పావువంతు తిప్పండి. జానెడు కంటే కాస్త తక్కువ, ఆరున్నర అంగుళాల వెడల్పు వస్తే 35 గ్రాముల ఉండకి సరైన పలచదనం వచ్చినట్టే. గుండ్రంగా రాలేదని టెన్షన్ పడకండి. మడత పడకుండా, చిరగకుండా, అంతటా ఒకే మందంగా ఉంటే శ్రీలంక ఆకారంలో ఉన్నా పొంగుతుంది. గిన్నె మూత పెట్టి గుండ్రంగా కోసే వాళ్ళున్నారు, అది నాకు నచ్చదు. అంచు నొక్కుకుపోతుంది, పైగా కోసిన ముక్కలు మళ్ళీ కలుపుకోవాలి.

కాల్చడం

ఇనప పెనం మంచిది. దోసెలకి వాడే నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా ఇంత వేడి మీద పెట్టడం దానికీ మంచిది కాదు, మనకీ కాదు. పెనం పెట్టి మూడు నాలుగు నిమిషాలు మీడియం కంటే కాస్త పెద్ద మంట మీద కాగనివ్వండి. చిటికెడు పొడిపిండి పెనం మీద చల్లి చూడండి. ఐదారు సెకన్లలో గోధుమరంగులోకి మారితే సిద్ధం. వెంటనే నల్లబడితే వేడి ఎక్కువ. తెల్లగానే కూర్చుంటే ఇంకా కాగాలి. చూశాక ఆ పిండి బట్టతో తుడిచేయండి.

పుల్కాని ఒకసారి చేతుల్లో అటూ ఇటూ తట్టి పొడిపిండి దులిపి పెనం మీద వేయండి. మొదటి వైపు పది, పదిహేను సెకన్లు చాలు. రంగు కాస్త మారి, పైన ఆవగింజంత బుడగలు కనపడగానే తిప్పేయాలి. ఇక్కడ మచ్చలు వచ్చేదాకా ఆగితే పని చెడినట్టే. రెండో వైపు ముప్పై, నలభై సెకన్లు ఉంచండి, అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు రావాలి. ఇప్పుడు పట్టకారుతో అంచు పట్టుకుని పెనం పక్కకి జరిపి, మొదటి వైపు, అంటే తక్కువ కాలిన వైపు, నేరుగా మంటకి తగిలేట్టు పెట్టండి. జాలీ ఉంటే దాని మీద వేయండి.

ముందు ఒక మూల చిన్న ఉబ్బు వస్తుంది. అది పాకుతూ పాకుతూ ఇంకో ఉబ్బుని కలుసుకుంటుంది, చూస్తుండగానే మొత్తం బంతిలా లేస్తుంది. లోపల జరుగుతున్నది ఇదీ. పైనా కిందా పొరలు ముందే కాస్త కాలి గట్టిపడ్డాయి, మధ్యలో పచ్చి తడి ఉంది. మంట తగలగానే ఆ తడి ఆవిరై, బయటికి దారి లేక రెండు పొరల్నీ విడదీస్తుంది. ఆ ఆవిరే లోపలి నుంచి పుల్కాని ఉడికిస్తుంది. అందుకే పొంగిన పుల్కా మెత్తగా ఉంటుంది, పొంగనిదాన్ని పెనం మీద నొక్కి నొక్కి కాలిస్తే ఉన్న తడి కూడా పోయి అప్పడమవుతుంది. నీళ్ళు తక్కువ పోసి కలిపిన పిండిలో ఆవిరి కావడానికి తడే ఉండదు. మా నాన్న విరిచిన పుల్కా కథ అదే.

పొంగాక రెండు మూడు సెకన్లు, ఇంకో వైపు ఒక్క సెకను. తీసేయండి. మొత్తం నిమిషం, నిమిషంపావు కంటే ఎక్కువ పట్టకూడదు. పట్టిందంటే పెనం వేడి చాలలేదని అర్థం. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్ళు మంట లేదని దిగులుపడక్కర్లేదు. రెండో వైపు కాలాక మళ్ళీ తిప్పి, బట్టని ఉండలా చుట్టి అంచుల మీద మెల్లగా అద్దుతూ పోండి, పెనం మీదే పొంగుతుంది. వేలు మాత్రం దూరంగా ఉంచుకోండి, ఎక్కడైనా చిల్లు పడితే ఆవిరి సూదిలా వచ్చి తగులుతుంది.

పొంగకపోతే

మొదటి రెండూ పొంగకపోవడం మామూలే, పెనం ఇంకా కుదురుకోలేదన్నమాట. నాలుగోది కూడా పొంగకపోతే చూడండి. ఒకే చోట ఉబ్బి ఆగిపోతుంటే వత్తడంలో మందం తేడా ఉంది. ఉబ్బి బుస్సున దిగిపోతుంటే చిల్లు, లేదా మడత. అసలు ఉబ్బే రాకుండా గట్టిపడుతుంటే పిండి పొడిగా ఉంది. మిగిలిన ఉండలన్నీ కలిపేసి, చెయ్యి తడిచేసుకుని మళ్ళీ పిసికి పావుగంట ఆగండి. మొదటి వైపు మచ్చలు ఎక్కువగా ఉంటే తిప్పడం ఆలస్యమైంది. పొంగుతున్నా తినేటప్పుడు పంటికి అంటుకుంటుంటే మంట మరీ పెద్దదై పైన కాలి లోపల పచ్చిగా ఉంది.

మెత్తగానే ఉండాలంటే

తీసిన పుల్కాని నేరుగా హాట్‌బాక్సులో పడేస్తే ఆవిరి మూతకి పట్టి, చుక్కలుగా కారి, అడుగున ఉన్నవి ముద్దయిపోతాయి. లోపల నూలు బట్ట పరిచి, దాంట్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, బట్ట కొసలు పైకి కప్పండి. బట్ట ఎక్కువ చెమ్మ పీల్చుకుంటుంది, కావలసినంత పుల్కాలకే వదిలేస్తుంది. నెయ్యి రాసుకునేవాళ్ళు వేడి మీదే ఒక వైపు రాయండి.

మిగిలిన పుల్కాలు ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి అందులోని పిండిపదార్థం బయట ఉన్నదానికంటే త్వరగా బిరుసెక్కుతుంది. రాత్రివి పొద్దునకి బట్టలోనే ఉంచి, నీళ్ళ చెయ్యి రాసి వేడి పెనం మీద అటొకసారి ఇటొకసారి వేస్తే మళ్ళీ మెత్తబడతాయి. ఫ్రిజ్‌లో పెట్టాల్సింది కలిపిన పిండి. పైన నూనె చెయ్యి రాసి మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెడితే ఒక రోజు ఉంటుంది. రెండో రోజుకి నల్లబడుతుంది, కోసిన వంకాయ గాలికి నల్లబడ్డట్టే. వాడే ముందు అరగంట బయట పెట్టండి.

షుగరు కోసం పుల్కాలు మొదలుపెట్టిన ఇళ్ళకి ఒక మాట. ఒక్కో పుల్కాలో 21 గ్రాముల పిండి ఉంది, అందులో సుమారు 15 గ్రాములు పిండిపదార్థమే. మెత్తగా కుదిరాయి కదా అని మా నాన్న ఒక రాత్రి బీరకాయ పప్పుతో ఐదు లాగించారు. డాక్టరు గారు చెప్పింది రెండు.

ఇంకా పలచగా కావాలంటే

ఇది ఆంటీ వేసవిలో నేర్పిన పని. గుజరాత్ వైపు బేపడీ అంటారట, అంటే రెండు పొరలది. రెండు చిన్న ఉండలు తీసుకుని, ఒక్కోటి పూరీ బిళ్ళంత వత్తండి. ఒకదాని మీద నూనె రాసి, అంచుల దాకా, పైన చిటికెడు పొడిపిండి చల్లండి. రెండోదాన్ని దాని మీద పెట్టి, రెండూ కలిపి ఒకటిగా పలచగా వత్తండి. ఒకదానికొకటి ఆసరాగా ఉంటాయి కాబట్టి ఎంత పలచగా వత్తినా చిరగవు. మధ్యస్థంగా కాగిన పెనం మీద రెండు వైపులా లేత మచ్చలు వచ్చేదాకా కాల్చండి, మంట మీద పెట్టక్కర్లేదు. పెనం మీద నుంచి తీయగానే పీట మీద ఒకసారి తట్టి, అంచు దగ్గర పొర విడిపోయిన చోటు చూసుకుని మెల్లగా లాగితే రెండు రోటీలుగా ఊడి వస్తాయి. వేడిగా ఉన్నప్పుడే లాగాలి, చల్లారితే అతుక్కుపోతాయి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల చెయ్యి నీడ కనపడుతుంది.

గుజరాతీలు దీన్ని మామిడి రసంతో తింటారు. మనకి నూజివీడు చిన్న రసాలు ఉండనే ఉన్నాయి. పండు బాగా పిసికి, రసం గిన్నెలోకి పిండి, పీచు వడకట్టి, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. పాలూ పంచదారా అక్కర్లేదు. మొదటిసారి చేసిన రోజు మా నాన్న గిన్నె వైపు చూసి, "నాకు రసం వద్దులే, రొట్టె ఒక్కటి ఇవ్వు" అన్నారు. రొట్టె పెట్టి నేను వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి గిన్నెలో ఒక గరిటె తగ్గింది.